చేరనివాళ్లా? రావద్దన్నవాళ్లా?

మొన్నామధ్య ఒక శనివారం. ఆఫీసులో రిలీజ్ గండం గడిచింది. బయట వాన. ఫ్లాట్‌లో నేనూ, మా రూమ్మేటూ. వాడు రెండు కప్పుల టీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేయ్, చిన్న హెల్ప్. మా చర్చి యూత్‌కి ఒక యాప్ కావాలి. రెండే స్క్రీన్లు. రేపు సాయంత్రానికి అయిపోద్దా?"

"చిన్న హెల్ప్", "రెండే స్క్రీన్లు" అనే మాటలు వింటే ఎంత జాగ్రత్తపడాలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ వాడు బీటెక్ మొదటి ఏడాది నుంచీ నాతో ఉన్నవాడు. మా అమ్మ పంపే ఆవకాయలో సగం వాడిదే. క్రిస్మస్‌కి వాళ్లమ్మ చేసి పంపే అరిసెల్లో సగం నావి. సరే అన్నాను.

యాప్ సంగతి ఇదీ. రోజూ పొద్దున ఒక నోటిఫికేషన్ రావాలి. నొక్కితే ఒక కార్డు తెరుచుకోవాలి. అందులో ప్రపంచంలో ఏదో ఒక జనసమూహం పేరు, వాళ్ల భాష, జనాభా, మతం ఉంటాయి. అది చదివి వీళ్ల యూత్ ఆ రోజు వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఆ సమూహాలకి చర్చి భాషలో ఒక పేరుంది: సువార్త చేరని ప్రజలు.

"డేటా ఎక్కడిది?" అన్నాను.

"జాషువా ప్రాజెక్ట్ అని ఉంది. అంతా ఫ్రీనే. ఏపీఐ కూడా ఇస్తారు."

చూస్తే నిజంగానే శుభ్రమైన డేటా. మా ఆఫీసులో కస్టమర్ల డేటా కూడా అంత నీట్‌గా ఉండదు. ప్రపంచాన్ని సుమారు 17 వేల సమూహాలుగా విడగొట్టారు. అందులో 7 వేలకు పైగా "చేరని" జాబితాలో ఉన్నాయి. వాటిలో రెండు వేలకు పైగా మన దేశంలోనే. ఎందుకంటే ఇక్కడ ఒక్కో కులాన్నీ ఒక్కో సమూహంగా లెక్కేశారు.

ఈ లెక్క వెనక ఒక చరిత్ర ఉంది. 1974లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ప్రపంచ సువార్త మహాసభ జరిగింది. అక్కడ రాల్ఫ్ వింటర్ అనే అమెరికన్ మిషనరీ పండితుడు ఒక వాదన పెట్టాడు. దేశాల్ని లెక్కపెట్టడం మానేద్దాం, జనసమూహాల్ని లెక్కపెడదాం అని. ఒక దేశంలో చర్చి ఉన్నంత మాత్రాన అదే దేశంలో వేరే భాష మాట్లాడేవాళ్లకీ, వేరే కులంవాళ్లకీ ఆ మాట వినపడినట్టు కాదు కదా అన్నది ఆయన పాయింటు. ఆ తర్వాత మిషన్ సంస్థల ఆలోచనే మారిపోయింది. 1995లో జాషువా ప్రాజెక్ట్ మొదలైంది.

చేరని సమూహం అంటే ఏంటో చెప్పడానికి ఒక కండిషన్ కూడా ఉంది. సువార్తిక క్రైస్తవులు 2 శాతం దాటకూడదు, మొత్తం క్రైస్తవులు 5 శాతం దాటకూడదు. ఈ రెండూ నిజమైతే పేరు పక్కన ఎర్ర రంగు. మనం రాసే ఇఫ్ కండిషన్ లాంటిదే.

టెస్టింగ్ కోసం భాష అన్నచోట తెలుగు అని పెట్టి వెతికాను. కార్డులు వరసగా వచ్చాయి. వేలితో పైకి తోస్తూ పోతుంటే ఒకచోట ఆగిపోయాను. మా కులం. జనాభా, భాష, మతం, పక్కన ఎర్ర చుక్క.

ఎందుకో వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, మనం చేరనివాళ్లమంట."

"ఎవరికి చేరలేదంట? కరెంటు బిల్లు అబ్బాయికి నెలనెలా చేరుతున్నాంగా!"

విషయం చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "పోనీలేరా. ఎవరో ఒకళ్లు మన పేరు చెప్పి దండం పెట్టుకుంటే మనకేం నష్టం? కానీ మన ఊళ్లో చర్చి ఉంది, పాస్టరుగారు తెలుసు, వాళ్ల పిల్ల పెళ్లికి వెళ్లొచ్చాం. చేరకపోవడం ఏంటి? చేరింది. విన్నాం. మన దేవుడు మనకున్నాడు అనుకున్నాం. అంతేగా?"

అమ్మ చెప్పింది బగ్ రిపోర్టు. ఆ డేటాబేస్‌లో "వినలేదు" అన్నదానికీ, "విని వద్దనుకున్నారు" అన్నదానికీ తేడా లేదు. రెండింటికీ అదే ఎర్ర చుక్క.

వాట్సాప్‌లో ఎవరికైనా మెసేజ్ పెడితే ఒకే ఒక్క టిక్కు పడి ఆగిపోయిందనుకోండి. అవతలివాళ్ల ఫోన్ స్విచ్చాఫ్ అయ్యుండొచ్చు. సిగ్నల్ లేని ఊళ్లో ఉండొచ్చు. లేదా మనల్ని బ్లాక్ చేసుండొచ్చు. మన స్క్రీన్ మీద అన్నీ ఒకేలా కనపడతాయి. కానీ మొదటి రెండిట్లో మళ్లీ ప్రయత్నించడం ఓపిక. మూడోదాంట్లో కొత్త నంబరు తీసుకుని మరీ మెసేజ్ పెడితే దాన్నేమంటాం?

అదే డేటాలో ఇంకాస్త ముందుకెళ్తే ఒక పేరు కనపడింది. సెంటినెలీలు.

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి పడమట ఉత్తర సెంటినెల్ అని ఒక దీవి ఉంది. సుమారు 60 చదరపు కిలోమీటర్లు. అక్కడివాళ్లు బయటి ప్రపంచంతో సంబంధం పెట్టుకోరు. వాళ్ల భాష బయటివాళ్లెవరికీ రాదు. పక్క దీవుల ఓంగీలను వెంట తీసుకెళ్లినా వాళ్లకీ అర్థం కాలేదు. 2011 జనాభా లెక్కలవాళ్లు దూరం నుంచి చూసి 15 మందిని రాసుకున్నారు. నిజంగా ఎంతమంది ఉన్నారో లెక్కించే దారి లేదు.

2018 నవంబరులో జాన్ ఆలెన్ చౌ అనే 26 ఏళ్ల అమెరికన్ అక్కడికి వెళ్లాడు. మీలో చాలామందికి ఆ వార్త గుర్తుండే ఉంటుంది. మీమ్స్ కూడా గుర్తుండొచ్చు. నేనూ అప్పట్లో ఒకటి ఫార్వర్డ్ చేసి నవ్వాను. ఇప్పుడు కూర్చుని మొత్తం చదివితే నవ్వు రాలేదు.

అతను ఆవేశంలో బయల్దేరినవాడు కాదు. ఏళ్ల తరబడి సిద్ధమయ్యాడు. భాషాశాస్త్రం కోర్సు చేశాడు. ప్రథమ చికిత్స నేర్చుకున్నాడు. తన వల్ల వాళ్లకి జబ్బులు రాకూడదని టీకాలు వేయించుకున్నాడు, బయల్దేరే ముందు కొన్ని రోజులు ఎవరినీ కలవకుండా ఒంటరిగా ఉన్నాడు. అమెరికాలోని ఒక మిషన్ సంస్థ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. అక్కడ ఒక ఉత్తుత్తి గూడెం ఏర్పాటు చేసి, సిబ్బందే ఆదివాసుల్లా ఉత్తుత్తి ఈటెలతో మీదికొస్తే ఎలా మాట్లాడాలో సాధన చేయించారని పత్రికలు రాశాయి.

స్థానిక మత్స్యకారులకి సుమారు 25 వేల రూపాయలిచ్చి, కోస్ట్ గార్డ్ కళ్లు గప్పి, నవంబరు 14 రాత్రి బయల్దేరాడు. 15న చిన్న పడవలో ఒడ్డుకి వెళ్లాడు. చేపలు, కత్తెరలు, పిన్నీసులు, ఫుట్‌బాల్ తీసుకెళ్లాడు. ఒక కుర్రాడు వేసిన బాణం అతని చేతిలోని బైబిల్‌కి గుచ్చుకుంది. వెనక్కి వచ్చేశాడు. ఆ రాత్రి పడవలో కూర్చుని డైరీలో భయం గురించి, చనిపోవడం ఇష్టం లేదన్న సంగతి గురించి రాసుకున్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. 17న పొద్దున మత్స్యకారులకి దూరం నుంచి, ఒడ్డున అతని శవాన్ని లాక్కెళ్లి పూడుస్తుండటం కనపడింది. ఆ శవం ఇప్పటికీ అక్కడే ఉంది.

అతన్ని చేర్చిన మత్స్యకారులు అరెస్టయ్యారు. అతని కుటుంబం దీవివాళ్లని క్షమించామనీ, మత్స్యకారుల్ని వదిలెయ్యమనీ బహిరంగంగా కోరింది. పంపినవాళ్లు, మెచ్చుకున్నవాళ్లు ఎవరూ జైలుకి వెళ్లలేదు. ఎప్పుడూ ఇంతే కదా. బిల్లు పడేది పడవవాడికి.

రాత్రి అన్నం తింటూ రూమ్మేట్‌తో ఈ విషయమే ఎత్తాను.

"తెలుసురా," అన్నాడు వాడు. "కానీ ఒకటి ఆలోచించు. నీ దగ్గర ఒక మందుంది. అది వేసుకుంటే ప్రాణం నిలబడుద్దని నువ్వు గట్టిగా నమ్ముతున్నావు. అవతల వాడికి ఆ మందు సంగతే తెలీదు. నువ్వు చెప్పకుండా ఉంటావా? చెప్పకపోతే నీ నమ్మకం ఉత్తదేగా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అది తీసిపారేసే వాదన కాదు. నమ్మినవాడి వైపు నుంచి చూస్తే, చెప్పకపోవడమే స్వార్థం.

కానీ ఆ దీవి చరిత్ర చదివాక నాకు ఇంకో వైపు కూడా కనపడింది. ఆ బాణాలు ఊరికే రాలేదు.

1858లో బ్రిటిష్‌వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. అప్పటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్లు. తర్వాత జబ్బులు వచ్చాయి. 1877లో తట్టు వచ్చి ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఇవాళ వాళ్లు పదుల్లో మిగిలారు. వాళ్ల భాషల్లో బో అనేది ఒకటి. అది మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. ఆమెతోపాటే భాషా పోయింది.

ఉత్తర సెంటినెల్‌కి కూడా 1880లో మారిస్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి జనాన్ని వెంటేసుకుని వెళ్లాడు. ఒక ముసలి జంటనీ, నలుగురు పిల్లల్నీ పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌కి తెచ్చాడు. అందరూ జబ్బుపడ్డారు. ముసలివాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లలకి కానుకలిచ్చి దీవిలో దింపేశాడు. ఆ పిల్లలు తమతో ఏ జబ్బు తీసుకెళ్లారో, తమవాళ్లకి ఏం చెప్పారో మనకెప్పటికీ తెలీదు. కానీ బయటివాళ్లంటే ఏంటో ఆ దీవికి బాగానే అర్థమై ఉంటుంది.

అంటే వాళ్లకి బయటి ప్రపంచం "చేరలేదు" అనడమే తప్పు. చేరింది. ఎలా చేరిందో వాళ్లకి గుర్తుంది.

ఇంకో రోజు కూడా ఉంది. 1991 జనవరి 4. ఆంథ్రపాలజికల్ సర్వేవాళ్లు కొబ్బరికాయలు తీసుకుని వెళ్లారు. ఆ జట్టులో మధుమాల ఛటోపాధ్యాయ అనే యువ శాస్త్రవేత్త ఉంది. ఆ రోజు మొదటిసారి సెంటినెలీలు ఆయుధాలు పక్కనపెట్టి, నీళ్లలోకి నడిచొచ్చి కొబ్బరికాయలు అందుకున్నారు. ఏళ్ల తరబడి మానవశాస్త్రవేత్త టి.ఎన్. పండిట్‌లాంటివాళ్లు దూరంగా ఆగి, కాయలు వదిలి, వద్దన్నప్పుడు వెనక్కి తిరిగితే వచ్చిన రోజది. విశేషం ఏంటంటే, ఆ దారి తెరుచుకున్న కొన్నేళ్లకే ప్రభుత్వం అలా వెళ్లడం మానేసింది. పక్కనే జారవాలు బయటికి రావడం మొదలయ్యాక, 1999లో వాళ్లలో తట్టు వ్యాపించింది. స్నేహం కూడా జబ్బు తేగలదని అర్థమైంది.

2004 సునామీ తర్వాత ఎవరైనా మిగిలారో లేదో చూద్దామని కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వెళ్లింది. ఇసుక మీదికి ఒక మనిషి పరిగెత్తుకొచ్చి హెలికాప్టర్ మీదికి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. బతికే ఉన్నాం, వెళ్లిపోండి. ఇంతకంటే స్పష్టంగా ఏ భాషలో చెప్పాలి?

అయితే ఇదంతా మిషనరీల మీద తోసేసి మనం చేతులు దులుపుకోలేం. 2025 మార్చిలో ఇంకో అమెరికన్ యువకుడు అదే దీవిలో దిగాడు. దేవుడి కోసం కాదు, కెమెరా కోసం. ఒడ్డున ఒక కొబ్బరికాయా, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి, వీడియో తీసుకుని వచ్చి అరెస్టయ్యాడు. 1956 నుంచి చట్టం ఉంది. అనుమతి లేకుండా అక్కడికి పోవడం నేరం. చౌ దగ్గర నమ్మకమన్నా ఉంది. ఇతని దగ్గర ఛానెల్ ఉంది. జారవాల అడవి గుండా పోయే రోడ్డులో కారు అద్దం దించి ఫోన్ బయటికి పెట్టేవాళ్లం మనమే. వద్దంటే వినకపోవడం ఒక్క మతానికే ఉన్న జబ్బు కాదు.

ఇక్కడితో ఆపేస్తే నా వ్యాసం తేలిగ్గా అయిపోయేది. మిషన్ పని అంటేనే బలవంతం అని తీర్పు చెప్పేసి నిద్రపోవచ్చు. కానీ రూమ్మేట్ ఊరుకోలేదు.

"మా తాత ముత్తాతల సంగతి నీకు తెలుసా? మమ్మల్ని ఎవరూ పడవేసుకొచ్చి పట్టుకెళ్లలేదు."

వాడిది ఒంగోలు వైపు. ఆ కథ నాకు సగమే తెలుసు. మిగతాది ఆ రాత్రి వాడు చెప్పాడు, నేను తర్వాత చదువుకున్నాను.

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో దశాబ్దాలు పనిచేసినా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారి. అంతకు ముందు రాజయోగ గురువుల దగ్గర సత్యం కోసం తిరిగినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికి పోయినప్పుడు ఈ కొత్త మాట విన్నాడు. ఒంగోలులో దొర ఉన్నాడని తెలిసి, భార్యతో కలిసి నడుచుకుంటూ వచ్చాడు. తర్వాత పల్లెపల్లెకీ తిరిగి చెప్పింది కూడా ఆయనే. తన భాషలో, తన చుట్టాలకి.

1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కూలి డబ్బుల పంపిణీ ముగిశాక కూడా జనం వచ్చి అడుగుతూనే ఉన్నారు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులే. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

కరువు లేకపోతే అంతమంది వచ్చేవాళ్లా? కులం పెట్టిన బాధ లేకపోతే వచ్చేవాళ్లా? ఈ ప్రశ్నలు అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి, తనని మనిషిగా చూసే చోటికి నడిచి వెళ్తే, అది ఆ మనిషి నిర్ణయం కాదనడానికి మనమెవరం? సెంటినెలీల "వద్దు"ని గౌరవించాలి అనే నేను, పేరయ్య "కావాలి"ని అనుమానించడం ఎక్కడి న్యాయం?

రూమ్మేట్ ఆ రాత్రే వాళ్ల నాయనమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఎనభై దాటాయి, గొంతు మాత్రం గట్టిది.

"మా నాయన పల్లెలకి పోయి వాక్యం చెప్పేవాడురా అబ్బాయా. గుమ్మం బయటే నిలబడేవాడు. ముందు మంచీచెడూ మాట్లాడి, చెప్పమంటారా అని అడిగేవాడు. చెప్పమంటే చెప్పేవాడు. వద్దంటే మంచినీళ్లు తాగి వచ్చేసేవాడు."

"వద్దన్నోళ్ల దగ్గరికి మళ్లీ పోయేవాడు కాదా, నాయనమ్మా?"

"పోయేవాడు. మళ్లీ అడిగేవాడు. అంతే. లోపలికి మాత్రం దూరేవాడు కాదు."

ఫోన్ పెట్టేశాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. వాడు గిన్నెలు కడగడానికి వెళ్లాడు. వాడి మందు ప్రశ్నకి నేనివ్వాల్సిన జవాబు వాళ్ల ముత్తాతే ఇచ్చేశాడనిపించింది. మందున్నవాడు చెప్పాలి. కానీ తలుపు తీసే పని లోపలున్నవాళ్లది.

ఆదివారం సాయంత్రానికి యాప్ అయ్యింది. సెంటినెలీల కార్డు తీసేద్దామా అని అడిగాను.

"ఎందుకు? ప్రార్థనేగా, పడవేం ఎక్కట్లేదుగా. సునామీ వచ్చినా జబ్బు వచ్చినా బాగుండాలనుకుంటాం. అందులో తప్పేముంది?"

తప్పేం లేదు. ఎవరి చొరవా ఎవరి మీదా పడని పని అది. కార్డు ఉంచాం. కానీ "చేరనివారు" అన్న హెడ్డింగ్ దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగాం. నేను మార్చమన్నాను. చర్చిలో అందరికీ తెలిసిన మాట అది, మారిస్తే అర్థం కాదన్నాడు వాడు. చివరికి మాట అలాగే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో వాడే ఒక లైను టైపు చేశాడు: "అడగకుండా వెళ్లొద్దు."

సోమవారం పొద్దున నా ఫోన్‌లో మొదటి నోటిఫికేషన్ వచ్చింది. ర్యాండమ్‌గా ఎంచే కోడ్ నేనే రాశాను కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. వచ్చింది మా కులం కార్డే. పక్క గదిలోంచి వాడి గొంతు వినపడింది.

"రేయ్, ఇవాళ మీవాళ్లొచ్చారు. ప్రార్థన చేసుకోమంటావా?"

అడిగాడు కదా. చేసుకోమన్నాను.